పువ్వు కింద పూస

దహనవాటికలో కొలిమి మేస్త్రికి చనిపోయినవాళ్లతో ఎప్పుడూ పేచీ లేదు. పేచీలన్నీ వాళ్లను మోసుకొచ్చినవాళ్లతోనే. కరిగే బట్ట కొలిమిలోకి పోకూడదన్నది అక్కడి నియమం. పాలిస్టర్, నైలాన్, ఏది కట్టి ఉన్నా తీసేసి నూలు గుడ్డ చుట్టి పంపాలి. లేకపోతే ఆ బట్ట మైనంలా కారి ఇటుకలకు అంటుకుపోతుంది. గొట్టంలోంచి నల్లపొగ లేచి పక్కవీధిలో ఆరేసిన దుప్పట్ల మీద వాలుతుంది. ఈ సంగతి ఏడుస్తున్నవాళ్లకు నచ్చజెప్పాలి. "మా నాన్న కోటు విప్పమంటావా?" అంటూ ఒకాయన మేస్త్రి చొక్కా పట్టుకుని గుంజితే ఒక గుండీ ఊడి ఎటో పోయింది. దాని స్థానంలో భార్య ఎర్ర గుండీ కుట్టింది.

"ఇదేం రంగు? నలుగురూ నవ్వరూ?" అన్నాడు మేస్త్రి.

"నవ్వనివ్వండి. అక్కడికొచ్చేవాళ్లకు ఆ కాస్త నవ్వయినా ఉండాలిగా," అంది ఆవిడ.

తీసిన బట్టల్ని గోనెసంచుల్లో కుక్కి వెనకగదిలో పడేసేవాళ్లు. పాత సామాన్లవాడు సీసాలైతే ఎగబడి తీసుకుంటాడు గానీ ఆ సంచుల వంక చూడనైనా చూడడు. చివరికి చెత్తలారీ వచ్చి ఊరవతల గుట్టలో పోస్తుంది. ఆ గుట్ట ఎప్పుడూ ఎక్కడో ఒకచోట రాజుకుంటూనే ఉంటుంది. ఇక్కడ వద్దన్న పొగ అక్కడ లేస్తుందని మేస్త్రికి తెలుసు. తెలిసి చేసేదేముంది? సంచి మూతి బిగించి కట్టేవాడు.

అసలు ఆ బట్ట పుట్టడం కూడా ఒకప్పుడు ఆయన చేతుల మీదుగానే. మూతపడక ముందు పాలిస్టర్ దారం మిల్లులో ఉడుకుతొట్టి దగ్గర పనిచేశాడు. తెల్లటి పొడి ఒకటి, పాకంలాంటి ద్రవం ఒకటి కలిపి కాచేవాళ్లు. వేడికి ఆ రెండూ చేతులు పట్టుకుంటాయి. చెయ్యి కలిసిన ప్రతిచోటా ఒక నీటి కణం విడిపోతుంది. ఆ తడిని ఎప్పటికప్పుడు బయటికి లాగేస్తేనే గొలుసు పొడుగవుతుంది, లాగకపోతే ఆ నీరే తిరిగొచ్చి కలిసిన చేతుల్ని విడదీస్తుంది. పెళ్లయిన కొత్తలో మేస్త్రి ఈ పాఠాన్ని వంటగది గుమ్మంలో నిలబడి భార్యకు గొప్పగా చెప్పాడు.

"అంటే రెండు కలవాలంటే నీళ్లు కారాలన్నమాట," అంది ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ.

"అంతే!"

"మరి మనింట్లో అవి నా కళ్లల్లోంచే ఎందుకు కారుతున్నాయండీ?"

ఆ ఊపులోనే బట్టను గుర్తుపట్టడం ఎలాగో కూడా చెప్పేశాడు. పట్టుపోగు కాలిస్తే జుట్టు కాలిన వాసన వస్తుంది, వేళ్లతో నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక నల్లటి గట్టి పూస అవుతుంది, ఎంత నలిపినా నలగదు. ఈ ముక్క చెప్పేటప్పుడు తన గొయ్యి తనే తవ్వుకుంటున్నానని పెద్దమనిషికి తోచనేలేదు.

ఎందుకంటే, పెళ్లికి ఆవిడకు పట్టు శాలువా పెడతానని నోరుజారి, చేతకాక, అచ్చం పట్టులా మెరిసేలా మిల్లులో కొత్తగా తీసిన సన్నదారంతో ఒక శాలువా నేయించి ఇచ్చాడు. ఇవ్వడం ఇచ్చాడు గానీ దొరికిపోతానని అప్పుడే భయం పట్టుకుంది. పెళ్లికూతురి అన్నయ్య బట్టల కొట్టాయన మరి! ఆయన శాలువా అంచును రెండువేళ్ల మధ్య పెట్టి, కళ్లు మూసుకుని, నలుగురి ముందూ తీర్పు చెప్పాడు. "అసలు సిసలు పట్టు. నా వేళ్లకు అబద్ధం తెలీదు."

ఇక నిజం చెప్పే దారి మూసుకుపోయింది. చెబితే తన పరువే కాదు, బావగారి వేళ్ల పరువూ పోతుంది. చలికాలంలో శాలువా మడతపెడుతుంటే చిటపటలాడేది. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని, "ఇదిగో, మీ పట్టు ఏదో అంటోంది, వినండి," అనేది. మేస్త్రికి ఆ క్షణాన వేరే పని గుర్తొచ్చేది.

ఆవిడ ఒక జ్వరంతో మంచమెక్కి మళ్లీ దిగలేదు.

పెట్టెలోంచి శాలువా తీసి ఆవిడకు కప్పింది అన్నయ్యే. అలాగే దహనవాటికకు తీసుకొచ్చారు. ఆరోజు కొలిమి దగ్గర మేస్త్రి ఇవతలివైపు నిలబడ్డాడు, ఎప్పుడూ జనం నిలబడే వైపు. గేటు చూసుకునే ఆవిడ దగ్గరికొచ్చి మెల్లగా అంది. "పట్టే కదన్నా? పట్టయితే గొడవ లేదు. ఊఁ అను, తలుపు తీస్తా."

ఊఁ అంటే చాలు. భార్య తనకిష్టమైన శాలువాతోనే వెళుతుంది, అబద్ధం కూడా ఆవిడతోపాటే పోతుంది. కాకపోతే ఎందరి నాన్నల కోట్లో, ఎందరి అమ్మల చీరలో విప్పించిన నోటితోనే ఆ ఊఁ అనాలి.

చేతులకు పని చెబుదామని శాలువా కొస సర్దాడు. ఆ కొసన ఎర్రదారంతో కుట్టిన చిన్న పువ్వుంది. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే, ఆవిడ సరదా కొద్దీ కుట్టుకుందనుకున్నాడు. ఇప్పుడు బొటనవేలికి రేకుల కింద ఏదో గట్టిగా తగిలింది. ఆవగింజంత. నొక్కాడు, నలిపాడు. నలగలేదు.

ఎప్పుడో పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడి ఉంటుంది. ఆవిడా ఇలాగే నలిపి చూసి ఉంటుంది. ఆ తర్వాత ఎర్రదారం తీసుకుని కూర్చుని ఉంటుంది.

ఇంక ఎవరి దగ్గర దాచాలి?

"పట్టు కాదు," అన్నాడు మేస్త్రి. "తీసెయ్యాలి."

బావగారు గిర్రున తిరిగాడు. "ఏం మాట్లాడుతున్నావ్ బావా? మతి పోయిందా? అది నేను చూసిన పట్టు!"

"మీరు చూసింది మా మిల్లు సరుకు బావగారూ. నేనే అబద్ధం చెప్పాను."

"నా వేళ్లు..."

"ఇక్కడ పట్టుకోండి."

బావగారు పువ్వును రెండువేళ్ల మధ్య పెట్టి నలిపాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. మళ్లీ నలిపాడు. వేళ్లు ఎర్రబడ్డాయి గానీ పూస అలాగే ఉంది.

"దానికి తెలుసా?"

"ఆ పువ్వు కుట్టింది తనే కదా."

"ఎవరడిగినా, మా అన్నయ్య చెప్పాక ఇంకేముంది అనేది," అన్నాడాయన. గొంతు తగ్గించి, "నా చెవిలో ఒక్క మాట వెయ్యొచ్చుగా బావా. అందరికీ పట్టు అమ్మేవాణ్ణి, నా చెల్లికి ఒకటి ఇవ్వలేకపోయేవాణ్ణా?" అన్నాడు. ఆ వేళ్లు జేబులో పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అటుపైన ఆ రోజు మేస్త్రితో మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా పెద్దగా మాట్లాడలేదు.

నూలు గుడ్డ చుట్టి పంపారు. గొట్టంలోంచి పొగ కనపడీ కనపడకుండా లేచింది. పక్కవీధిలో ఎవరి దుప్పటీ మాయలేదు.

"శాలువా సంచిలో వెయ్యనా అన్నా?" అడిగింది గేటావిడ.

మేస్త్రి తల అడ్డంగా ఊపి, శాలువా చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. కాల్చడానికి లేదు, పాతిపెట్టినా మట్టిలో కలిసే రకం కాదు. తను పోయాక కూడా అది ఉంటుంది. అప్పుడు దాన్ని ఏ సంచిలో ఎవరు కుక్కుతారో తెలీదు.

సాయంత్రానికి చలి మొదలైంది. వంటగది గుమ్మంలో కూర్చుని శాలువా విప్పి భుజాల మీద కప్పుకున్నాడు. మెడ దగ్గర చిటపటమంది.

"ఆఁ," అన్నాడు మేస్త్రి. "వింటున్నాలే."