తిట్లకు నోచుకోనివాడు

మా బావ తనను తాను నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటాడు. నవ్వకండి, నిజంగానే అనుకుంటాడు. "నా జన్మలో ఎవరినైనా పల్లెత్తు మాట అన్నానా?" అని అరిచాడంటే, లోపల ఎవరో కొట్టుకుంటున్నారనుకుని రోడ్డున పోయేవాళ్లు ఆగి చూస్తారు.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే షాపు. బావది అనాలి. ముందు గదిలో కౌంటరు దగ్గర నేను, నా వెనక మూల గుండీలు కుట్టుకుంటూ మా అక్క, లోపలి గదిలో రెండు పెద్ద మిషన్లు, వాటి పక్కన ఇస్త్రీ బల్ల. మిషన్ల మోతకు అలవాటుపడి ఆయన గొంతు అలా అయిందని అక్క మొగుణ్ణి వెనకేసుకొస్తుంది. మిషన్లు తిరగని ఆదివారం కూడా ఆ గొంతు అలాగే ఉంటుందని ఆవిడకు చెప్పి లాభం లేదు.

పొద్దున్న ఆటో డ్రైవరు మూటలు దించడంతోనే మొదలు. "ఒరే, నువ్వు బట్టలు తెచ్చావా, రోడ్డంతా ఊడ్చుకొచ్చావా? కళ్లు నెత్తికెక్కాయా?" డ్రైవరు పళ్లికిలించి మూట భుజానికెత్తుకుంటాడు. తరువాతి వంతు నాది. "ఏమే మరదలా, ఆ చీటీ చొక్కాకి కట్టమన్నానా, నా మెడకి కట్టమన్నానా?" నేనేమైనా తక్కువ తిన్నానా? "నీ మెడకే కట్టేదాన్ని బావా, అదెక్కడుందో కనబడితే కదా!" అంటాను. అక్క సూది పక్కన పెట్టి మరీ నవ్వుతుంది. ఆ తరువాత అందరం కౌంటరు చుట్టూ చేరి టీ తాగుతాం. ఎవరు ఎవరినేమన్నారో అప్పటికే ఎవరికీ గుర్తుండదు.

ఈ గోలలో ఎప్పుడూ లేనివాడు ఇస్త్రీ అన్న. పేరేదో ఉంది కానీ అందరం అలాగే పిలుస్తాం. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. అడిగితే తప్ప మాట రాదు. ఆయన మడతపెట్టిన చొక్కా విప్పడానికి మనసొప్పక, దాన్ని బీరువాలోనే ఉంచి పాత చొక్కాలతో తిరిగేవాళ్లు నాకు తెలుసు. షాపు నడుస్తున్నదే ఆయన చేతి మీద. ఆ సంగతి బావకూ తెలుసు, వచ్చినవాళ్లందరికీ చెబుతాడు కూడా. ఆయన ఎదుట మాత్రం పిల్లిలా అయిపోతాడు. "ఏమండీ, వీలైతే ఈ కోటు కాస్త చూస్తారా?" అంటాడు. ఆయన టీ గ్లాసు తనే మోసుకెళ్లి బల్ల పక్కన పెట్టి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేస్తాడు. కట్టుకున్న పెళ్లాన్ని ఏనాడూ టీ తాగావా అని అడగని మనిషి!

అలాంటిది, ఒక బుధవారం అన్న చేతులు తుడుచుకుంటూ కౌంటరు దగ్గరకు వచ్చాడు. "శనివారంతో మానేస్తానండి. ఊరవతల హోటల్లో పని ఒప్పుకున్నాను" అన్నాడు.

 బావ ఆయన మీద పడి అరుస్తాడనుకున్నాను. అరిస్తే ఎంత బాగుండేది! బావ మర్యాదగా లేచి నిలబడ్డాడు. "అలాగేనండి. మీకెలా వీలైతే అలాగే చేయండి" అన్నాడు. బావ ఇంకేదైనా అంటాడేమోనని అన్న కాసేపు చూసి, తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

బావ ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం, "ఆయన పోతే ఈ షాపెందుకే, తాళం వేసేస్తా" అన్నాడు. ఆ గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే నాకు భయం వేసింది. "నేనేం తక్కువ చేశానే ఆయనకి? నెత్తిన పెట్టుకుని చూసుకున్నాగా?"

"ఆ మాట ఆయన్నే అడగొచ్చుగా?"

"అడిగితే నొచ్చుకుంటాడేమోనే."

నాకు ఒళ్లు మండింది. ఈ మగవాళ్లకు నోళ్లుండి ఏం లాభం? మర్నాడు నేనే ఇస్త్రీ బల్ల దగ్గరకు వెళ్లి అడిగేశాను.

"జీతం కోసమా అన్నా?"

"కాదమ్మా. అక్కడా ఇంతే."

"మరి? రోజూ రెండు బస్సులు మారి వెళ్లడం సరదానా?"

అన్న ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, సరిగ్గానే ఉన్న కాలరును మళ్లీ సర్దాడు. "మీ బావగారికి నేనంటే పడదమ్మా" అన్నాడు.

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

"నన్నొక్కసారైనా తిట్టారా, చెప్పు. ఆ మధ్య కొత్త కోటు చెయ్యి కాల్చేశాను కదా. చూసి, 'పర్లేదండి, జరుగుతుంటాయి' అని వెళ్లిపోయారు. అదే రోజు ఒక్క గుండీ పోయిందని నిన్ను ఉతికి ఆరేశారు. నువ్వు ఏడ్చావు. కాసేపటికి అందరూ టీ తాగుతూ నవ్వుకున్నారు. ఇక్కడికి వినబడుతుందమ్మా. నా టీ మాత్రం ఇక్కడ పెట్టేసి పోతారు. ఇంట్లో చూస్తే మా అమ్మకి చెవుడు, పలకరించేవాళ్లు లేరు. ఇక్కడ మీరంతా ఒకింటివాళ్లు. నేను పరాయివాణ్ణి. పరాయివాణ్ణి ఎవరు తిడతారు?"

  ఈ తిట్లు పడలేక చస్తున్నాం అని మేమనుకుంటుంటే, గోడ అవతల ఒక మనిషి వాటి కోసం మొహం వాచిపోయి ఉన్నాడు!

బావకు చెప్పాను. నమ్మకం కలగక మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

"తిట్టలేదని పోతున్నాడా? అసలు నేనెవర్ని తిట్టానని?"

"బావా, మమ్మల్ని రోజూ తిడతావు."

"మిమ్మల్నా? అవి తిట్లా?" నిజంగానే బిత్తరపోయి అక్క వైపు చూశాడు. అక్క దారం కొరుకుతూ తల ఊపింది. "మాట్లాడుతున్నాననుకున్నానే" అన్నాడు పాపం. కాస్త తేరుకున్నాక, "అయినా అంత పనిమంతుణ్ణి ఏమని తిట్టనే? ఆ చెయ్యి చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది" అన్నాడు.

"దణ్ణం తర్వాత పెడుదువుగాని, ముందు తిట్టు. శనివారం దాకా టైముంది."

శుక్రవారం పొద్దున్న బావ మీసం సవరించుకుని లోపలికి వెళ్లాడు. నేనూ అక్కా తలుపు పక్కన నక్కి చూస్తున్నాం. బావ ఒక చొక్కా అందుకుని కాలరు చూశాడు, చేతులు చూశాడు, తిరగేసి వీపు చూశాడు. "ఏంటండీ ఇది?" అని గట్టిగా మొదలుపెట్టాడు. మేం ఊపిరి బిగబట్టాం. "ఏంటండీ ఇది... ఇంత బాగా ఎలా చేస్తారండీ?" అక్క నెత్తి కొట్టుకుంది.

మధ్యాహ్నం నేను తరిమితే మళ్లీ వెళ్లాడు. "మీరు కాస్త నెమ్మదిగా చేస్తున్నారేమోనండీ. అంటే, తప్పని కాదు" అని ఒక పొడి మాట వదిలి, పారిపోయి వచ్చాడు. అన్న మొహం మాడిపోయింది. "అలాగేనండి, త్వరగా చేస్తాను" అన్నాడు. తిట్టు పడాల్సిన చోట ఫిర్యాదు పడింది. ఉన్న కాస్త ఆశా మా చేతులారా చెడగొట్టుకున్నామని నాకు ఏడుపొచ్చింది.

అనుకున్నట్టే అయింది. శనివారం దాకా ఆగలేదు, ఆ సాయంత్రమే అన్న భుజాన సంచితో ముందు గదిలోకి వచ్చాడు. బల్ల మీద ఒక్క బట్ట మిగల్చలేదు. "పనంతా అయిపోయిందండి. ఇంకా రేపటిదాకా ఎందుకని. ఇన్నాళ్లలో నా వల్ల ఏదైనా తప్పు జరిగితే క్షమించండి" అని చేతులు జోడించాడు.

బావ కుర్చీలోంచి లేచాడు. మొహం కందగడ్డయింది.

"ఒరే!" అన్నాడు.

బయట ఆటో తుడుచుకుంటున్న డ్రైవరు, తననే కాబోలనుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"క్షమించాలా? నిన్నా? ఏం చూసుకుని రా నీకింత పొగరు? శనివారమని చెప్పి శుక్రవారమే సంచి సర్దుకుంటావా? నువ్వు పోతే నేనేమైపోవాలో ఒక్కసారైనా ఆలోచించావా, రాతిగుండె వెధవా! మొన్నట్నుంచి నాకు ముద్ద దిగట్లేదు, తెలుసా? అండీ అండీ అని నా నోరు పడిపోయింది. ఇంత చేస్తే నువ్వంటే నాకు పడదని చెప్పుకుంటావా? ఆ కోటు కాల్చినప్పుడే నీ వీపు పగలగొట్టాల్సింది! నిన్నేమీ అనలేక ఇంటికెళ్లి మీ వదిన మీద అరిచాను రా!"

"అవునయ్యా, ఆ రోజు నీ వాటా కూడా నేనే తిన్నాను" అంది అక్క.

బావ ఆగలేదు. అన్న మొండితనాన్ని, మూగనోముని, ఎముకలు తేలిన ఒంటిని, చివరికి కాళ్లకున్న చెప్పులను కూడా విడిచిపెట్టలేదు. ఇన్నేళ్లుగా కడుపులో దాచుకున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. అన్న తల వంచుకుని నిలబడ్డాడు, భుజాలు అదురుతున్నాయి. కంగారుపడి దగ్గరకు వెళ్లి చూశాను. ఏడుస్తూనే ఉన్నాడు, కానీ నవ్వు ఆపుకోలేక పెదాలు మూతపడటం లేదు. సంచి ఎప్పుడు జారిందో, నేల మీద పడి ఉంది.

చివరికి బావకు ఆయాసం వచ్చి కౌంటరు పట్టుకున్నాడు.

అన్న చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "అయిపోయాయా, ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

"బోలెడున్నాయి" అన్నాడు బావ రొప్పుతూ. "ముందెళ్లి ఆ హోటలువాళ్లకి రానని చెప్పు. మిగతావి రేపు పొద్దున్న తిడతాను."