తాతయ్య కుట్టిన ఎనిమిది లంగాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొత్తబట్టలు తయారవుతున్నాయంటే సంతోషం కన్నా బెంగే ఎక్కువగా ఉండేది. దానికి కారణం మా తాతయ్య.

మాది మంథని. తాతయ్య నిజాం కాలం నుంచి తాలూకా కచ్చేరీలో ఉర్దూలో కాగితాలు రాసే మున్షీ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో పింఛను పుచ్చుకొని ఇంటికి వచ్చేశారు. అన్నేళ్లు కచ్చేరీకి అలవాటుపడిన మనిషి కదా, పొద్దున్నే స్నానం చేసి, టోపీ పెట్టుకొని, ఎక్కడికి పోవాలో తోచక గడప దగ్గర నిలబడిపోయేవారు. అలా కొన్నాళ్లు నిలబడి నిలబడి, ఒకనాడు కరీంనగర్ వెళ్లి బస్సు టాపు మీద ఒక పాత చేతిమిషను వేయించుకొని వచ్చారు. ఇక నుంచి ఇంట్లో అందరి బట్టలూ తానే కుడతానన్నారు. ఎవరి దగ్గర నేర్చుకుంటారని మా బాపు, అంటే మా నాన్న, మెల్లగా అడిగితే, ఊళ్లో భూములన్నిటి కొలతలూ రాసిన చేతికి మనిషి నడుము కొలత ఒక లెక్కా అని నవ్వేశారు.

మొదట దిండ్ల గలీబులు కుట్టారు. నాలుగు పక్కలా గట్టిగా కుట్టేశారు. దిండు ఎటునుంచి దూర్చాలో అడగలేక మా అవ్వ, అంటే మా అమ్మ, వాటిని మడిచి పెట్టెలో పెట్టేసింది. తరువాత మా బాపుకు అంగీ కుట్టారు. దాని రెండు చేతులూ ఎడమ చేతులే. మా చిన్నాయన పైజామా తొడుక్కొని అరుగు దిగబోయి, కాలు చాపలేక అక్కడే కూలబడ్డాడు. సంచులు మాత్రం చాలా బాగా కుట్టేవారు. మనుషులు కూడా సంచుల ఆకారంలో ఉండి ఉంటే ఆయనకు తిరుగుండేది కాదు.

బాగా లేదని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఆయన కోప్పడతారని కాదు. మిషను ముందు కూర్చున్నప్పుడు ఆ ముఖంలో కనిపించే వెలుగు అలాంటిది. ఈ చిక్కును మా నాయనమ్మ తనకు తోచిన పద్ధతిలో విప్పింది. కొత్తబట్టను తొడుక్కునే ముందు ఒకసారి నీళ్లలో జాడించాలని ఇంట్లో ఒక నియమం పెట్టింది. తాతయ్య కుట్టింది ఏదైనా ముందు ఆమె చేతికి వెళ్లేది. రెండు మూడు రోజుల తరువాత బయటికి వచ్చేసరికి ఎడమ చేయి కుడి చేయి అయ్యేది, పైజామాలో కాళ్లు ఆడేవి, గలీబులకు నోళ్లు పుట్టుకొచ్చేవి.

ఇది చూసి తాతయ్యకు ఒక సిద్ధాంతం ఏర్పడింది. బట్టకు స్వభావం అనేది ఒకటి ఉంటుందని, కుట్టినప్పుడు అది బిగుసుకొని ఉంటుందని, నీళ్లు తగలగానే తన దారికి తాను వస్తుందని. ఈ రహస్యం దాచుకోవడం ఇష్టంలేక బజారులో ఉన్న దర్జీకి కూడా వెళ్లి చెప్పి వచ్చారు. ఆ దర్జీ ముప్పై ఏళ్లుగా అదే దుకాణంలో కుడుతున్న ముసలాయన. నోట్లో దారం పెట్టుకొని అంతా విని, మంచిదని తల ఊపాడట.

నాయనమ్మ పని నేను అనుకోకుండా చూశాను. ఒక మధ్యాహ్నం కడుపునొప్పని అబద్ధం చెప్పి బడి నుంచి ముందే వచ్చేశాను. తాతయ్య నిద్రపోతున్నారు. నాయనమ్మ వెనకింట్లో తలుపు దగ్గర కూర్చొని, ఆయన అంగీ కుట్లు మొత్తం విప్పి, చేతి సూదితో నువ్వు గింజంత కుట్లు వేస్తోంది. నన్ను చూసి సూది ఆపలేదు.

"మీ తాతకు చెప్పకు బిడ్డా. పాపం, గంత మురిసిపోతుండు" అంది.

నేను చెప్పనని ఒట్టు వేశాను. అలా మిషను వచ్చి రెండేళ్లయింది.

నేను అయిదో తరగతికి వచ్చిన ఏడు, జనవరిలో జెండా పండుగకు మా బడిలో ఎనిమిదిమంది ఆడపిల్లలతో కోలాటం వేయించాలని మా పంతులమ్మ అనుకుంది. అందరికీ ఒకే రకం ఆకుపచ్చ లంగాలు ఉండాలంది. ఆ మాట నేను ఇంట్లో చెప్పడమే పొరపాటయింది. తాతయ్య టోపీ పెట్టుకొని నేరుగా బడికి వెళ్లి, ఎనిమిది లంగాలూ తానే కుట్టి ఇస్తానని మాట ఇచ్చి వచ్చారు. పంతులమ్మ దండం పెట్టిందట. పిల్లల ఇళ్ల నుంచి బట్ట వచ్చింది. ఒక పిల్ల వాళ్ల అవ్వ కొత్త బట్ట కొనలేక, పెండ్లినాటి తన ఆకుపచ్చ పట్టంచు చీరను చింపి పంపింది.

నాయనమ్మ ముఖం పాలిపోయింది. అయినా వేళ్లు విరుచుకొని, మధ్యాహ్నానికి ఒక లంగా చొప్పున సరిచేయవచ్చని నాతో చెప్పింది. సరిగ్గా అప్పుడే ఆదిలాబాదు నుంచి కబురు వచ్చింది. మా మేనత్తకు కాన్పు ముందుగానే వచ్చేలా ఉందట, నాయనమ్మను వెంటనే పంపమన్నారు. మరునాడు పొద్దున నాయనమ్మ ఆదిలాబాదు పోవడానికి ముందుగా పెద్దపల్లి బస్సెక్కింది. ఎక్కేముందు నా వైపు ఒక చూపు చూసింది. దేశాన్ని నా చేతిలో పెట్టి వెళ్తున్నట్టు ఉంది ఆ చూపు.

నేను చేయగలిగింది చేశాను. మిషనులోని దారం కండెను తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచాను. తాతయ్య సొరుగులోంచి ఇంకొకటి తీసి పెట్టుకున్నారు. ఆరు రోజులు ఇల్లంతా మిషను చప్పుడే. పండుగ ఇంక నాలుగు రోజులుందనగా ఎనిమిది లంగాలూ పూర్తయ్యాయి. ఒక్కొక్కటీ ఒక పక్క నేలను ఊడుస్తోంది, ఇంకొక పక్క మోకాలు దాటడం లేదు. కుచ్చిళ్లన్నీ వెనక్కి పోయి ముందు భాగం పలకలా ఉంది. రెండింటికి నాడా దూర్చడానికి సందే లేదు.

తాతయ్యకు మాత్రం ఫికరే లేదు. నాయనమ్మ లేదు కనుక నన్నే జాడించమన్నారు. నేను జాడించి దండెం మీద ఆరవేశాను. ఆయన కుర్చీ తెచ్చుకొని ఎదురుగా కూర్చొని, పాలు పొంగుతాయేమోనని చూసే మనిషిలా లంగాల వైపే చూస్తూ ఉన్నారు. సాయంత్రానికి అన్నీ ఆరాయి. ఒక్కటీ మారలేదు. ఏ నీళ్లు పోశావని అడిగారు. మన బావి నీళ్లేనన్నాను. బావి నీళ్లు ఈమధ్య చప్పబడ్డాయని, గోదావరి నీళ్లు తెప్పించి మళ్లీ ముంచారు. మరునాడు ఆరాక చూస్తే అదే తీరు.

అప్పుడు తాతయ్య ముఖంలో మొదటిసారి ఒక సందేహం కనిపించింది. నాయనమ్మ ఆ నీళ్లలో ఏమైనా కలిపేదా అని నన్ను అడిగారు. ఒట్టు గుర్తొచ్చింది. నిజం చెప్పలేను, మౌనంగా ఉండలేను. నోటికి వచ్చింది చెప్పేశాను. ఉప్పు వేసేదన్నాను.

"గట్ల చెప్పవేంది మరి" అని ఆయన వంటింట్లోకి వెళ్లి, ఉప్పు జాడీ మొత్తం గంగాళంలో బోర్లించారు.

పండుగ ఇంక రెండు రోజులుంది. ఉప్పునీళ్లలో మునిగిన లంగాలు పొద్దున్నుంచి ఎండలో బిగిసి, అట్టల్లా తెల్ల చారలతో వేలాడుతున్నాయి. మేమిద్దరం అన్నం తిని వచ్చేసరికి పక్కింటివాళ్ల మేక పెరట్లో ఉంది. దానికి పండుగ రెండు రోజులు ముందే వచ్చింది. ఒక్కొక్క లంగానూ పైనుంచి కిందికి తీరిగ్గా నాకుతూ వచ్చి, చివర ఉన్న నా లంగా దగ్గర రుచి కుదిరినట్టుంది, అంచు నోట పట్టుకొని నమలడం మొదలుపెట్టింది. తాతయ్య కేకేసి పరుగున వెళ్లి రెండో అంచు పట్టుకున్నారు. మేక వదలదు, తాతయ్య వదలరు. చివరికి లంగాయే వదిలింది. పక్క కుట్లు రెండూ నడుము నుంచి అంచుదాకా చర్రుమని విడిపోయి, సగం మేక దగ్గర, సగం తాతయ్య దగ్గర మిగిలింది.

తాతయ్య ఆ విడిపోయిన కుట్లను వేలితో తడిమి చూశారు. తరువాత తన ఒంటి మీద ఉన్న అంగీని పట్టుకొని గట్టిగా లాగి చూశారు. అది కూడా ఆయన కుట్టిందే. కదలలేదు. దాన్ని విప్పి, తిరగేసి, కళ్లజోడు పెట్టుకొని ఎండలోకి పట్టారు. లోపల సన్నని చేతికుట్లు వరుసగా ఉన్నాయి. మిషను కుట్టు ఒక్కటి కూడా లేదు.

"గీ కుట్లు ఎవలయి బిడ్డా?"

నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. అంతా విన్నాక ఆయన ఉప్పు ముచ్చట కూడా నాయనమ్మదేనా అని అడిగారు. కాదు, నాదేనన్నాను.

"మేకకైతె మంచిగనే కుదిరింది" అన్నారు, నవ్వకుండా.

ఆ తరువాత పెరట్లో అరుగు మీద, ఒంటి మీద అంగీ లేకుండానే కూర్చున్నారు. ఒక్కొక్క లంగానూ ఒళ్లోకి తీసుకొని చూశారు. పట్టంచు చీరతో కుట్టిన లంగా దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయి ఆగింది. ఎవరి చీరో ఆయనకు తెలుసు. దాన్ని మడిచి పక్కన పెట్టి లేచారు. ఎనిమిదింటినీ మూట కట్టి నా నెత్తిన పెట్టి, ఆ తిరగేసిన అంగీనే సరిచేసి తొడుక్కొని, టోపీ పెట్టుకొని బజారుకు బయలుదేరారు. ఆయన ఎక్కడికి వెళ్తున్నారో నాకు అర్థమైంది. ఎందుకంటే లంగాల మూటతో పోవడానికి బజారులో ఇంకే దుకాణమూ లేదు.

దర్జీ దుకాణంలో పండుగ రద్దీ. చాప మీద అయిదారుగురు కూర్చొని ఉన్నారు. వాళ్లలో సగంమంది ఒకప్పుడు కచ్చేరీలో తాతయ్య ముందు చేతులు కట్టుకొని నిలబడినవాళ్లే. తాతయ్య గడప బయటే చెప్పులు విడిచారు. ఎప్పుడూ ఆ ముసలాయనను దర్జీ అనే పిలిచేవారు. ఆ రోజు పిలుపు మారింది.

"ఉస్తాద్, నాకు కుట్టుడు రాదు. రెండేండ్ల సంది వస్తదనుకున్న. పరాయి పిల్లల బట్ట ఆగం చేసిన. జర నేర్పు."

దుకాణంలో మిషను ఆగిపోయింది. దర్జీ మూట విప్పి ఒక లంగాను ఎత్తి, తెల్ల చారల మీద వేలితో రాసి చూశాడు.

"నీళ్లల్ల ముంచిండ్రా మున్షీ సాబ్?"

"ముంచిన. ఉప్పు గూడ ఏసిన."

దుకాణమంతా నవ్వింది. దర్జీ నోట్లోంచి దారం జారి పడింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తాతయ్య వైపు చూడలేక చూశాను. ఆయన కూడా నవ్వుతున్నారు. భుజాలు కదిలేలా, కళ్లలో నీళ్లు వచ్చేలా. మా తాతయ్య అలా నవ్వగలరని నాకు అంతవరకు తెలియదు.

దర్జీ తాను కూర్చొని సరిచేసి ఉంటే పూటలో పని అయిపోయేది. తాతయ్య ఒప్పుకోలేదు, నేర్పమనే అడిగారు. ముందు కుట్లన్నీ విప్పమన్నాడు దర్జీ. ఆ సాయంత్రమంతా తాతా మనుమరాళ్లం చాప మీద కూర్చొని కుట్లు విప్పాం. మరునాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాం. బట్టను మధ్యకు మడిచి ఒకేసారి కత్తిరిస్తే రెండు పక్కలూ సమానంగా వస్తాయని దర్జీ చూపించాడు. తాతయ్య అది చూసి, ఇంతేనా అని నోరు తెరిచారు. అంచు చిరిగిన నా లంగాకు ఆకు ఆకారంలో ఒక అతుకు వేయించారు. చీర లంగాకు పట్టంచును కింద చుట్టూ తిప్పి కుట్టారు. దర్జీ కత్తిరించాడు, తాతయ్య కుట్టారు. ఒక్క అంగుళం వంకరపోతే దర్జీ వెనక నుంచి మెల్లగా దగ్గేవాడు. తాతయ్య విప్పి మళ్లీ కుట్టేవారు.

జెండా పండుగ నాడు ఎనిమిది లంగాలూ గుండ్రంగా తిరిగాయి. కోలాటంలో మేమే రెండు చోట్ల తప్పాం కానీ లంగాలు తప్పలేదు. చీర ఇచ్చిన ఆ తల్లి ముందు వరసలో కూర్చొని, తన బిడ్డ తిరిగిన ప్రతిసారీ అంచు వైపే చూసింది. నా లంగా మీది ఆకు చూసి, మాకెందుకు పెట్టలేదని మిగతా పిల్లలు అలిగారు. మేక సంగతి నేను చెప్పలేదు.

నాయనమ్మ నెల తరువాత వచ్చింది. ఆమె కాళ్లు కడుక్కొని కూర్చున్నాక, తాతయ్య ఇంట్లో అందరి ముందూ జరిగిందంతా చెప్పారు. ఉప్పు సంగతి వచ్చినప్పుడు ఆమె నా వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివర్లో ఆయన మిషను ముందు నుంచి లేచి, పీట ఆమె వైపు జరిపారు. రెండేళ్లలో ఆ మిషనును ఆయన ఇంకొకరిని తాకనిచ్చిన పాపాన పోలేదు. నాయనమ్మ చాలాసేపు వద్దంది. తరువాత కూర్చుంది. ఆమె బట్ట నడిపింది, తాతయ్య పక్కన నిలబడి పిడి తిప్పారు. వేగంగా తిప్పుతున్నారని ఆమె మొదటి రోజే కోప్పడింది. ఆ తరువాత మా ఇంట్లో బట్టలన్నీ ఆ ఇద్దరి పోట్లాటల మధ్యే తయారయ్యాయి. బాగా తయారయ్యాయి కూడా.

నేను పెద్దయి పంతులమ్మనయ్యాను. కొత్తలో ఒకనాడు ఒక పిల్ల లేచి ఒక లెక్క అడిగింది. నాకు రాలేదు. ఏదో ఒకటి చెప్పి గంట కొట్టేదాకా గడిపేయవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ గడప బయట చెప్పులు విడిచిన తాతయ్య గుర్తొచ్చారు. నాకు రాదు, నేర్చుకొని రేపు చెప్తానన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఫరవాలేదనిపించింది. ఆ రోజు దుకాణంలో తాతయ్యను చూసి నవ్వినవాళ్లే, నవ్వు ఆగగానే అటూ ఇటూ జరిగి, చాప మీద ఆయనకు చోటిచ్చారు.