మూకుట్లో వేగిన చాక్లెట్ బిస్కెట్లు

అది 1962 డిసెంబరు 24, సోమవారం. మా ఇంట్లో అరవై మూడంటారు. కాదు. శేర్లు పోయి కిలోలు కొత్తగా వచ్చిన ఏడాది అది. ఔన్సులను గ్రాముల్లోకి మార్చడానికి నేను పడ్డ అవస్థ నాకు గుర్తుంది.

ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ పక్క వాటాలో ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఉండేది. క్రిస్మస్‌కు ఏటా పింగాణీ పళ్లెంలో చాక్లెట్ బిస్కెట్లు పంపేది. పళ్లెం ఖాళీగా తిప్పి ఇవ్వకూడదు కనుక మేం రవ్వలడ్డూలు పెట్టి ఇచ్చేవాళ్లం. నాలుగో ఏడు, అంటే ఆ ఏడు, పండగకు ముందే పళ్లెం ఇస్తూ ఆవిడ నవ్వింది. “ఫిర్ సే లడ్డూ? మళ్లీ అవేనా?”

ఈసారి చాక్లెట్ బిస్కెట్లే ఇస్తానన్నాను. “బాగా చేస్తే వచ్చే సాల్ నా కేకుల పనికి నిన్ను పిలుస్తా” అంది. మా లైన్‌లో ఎవరినీ ఆవిడ తన వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఆ పిలుపు నాకు కావాలి.

కొలతలు ఆవిడే చెప్పింది. ఎనిమిది ఔన్సుల మైదా అంటే రెండు వందల ఇరవై ఏడు గ్రాములు. ఖరిదా బజారులో కొట్టువాడు రెండు వందల పాతిక తూచి చాలన్నాడు. చాలదు. మిగతా రెండు గ్రాములూ వేయించేదాకా కదల్లేదు. వెన్న, పంచదార, కోకో కలిపి ముద్ద చేసి, తడిబట్ట కప్పి, చల్లబడాలని కిటికీ కింద పెట్టాను. రొట్టెలు తీసేశాక బేకరీవాడు ఆడవాళ్ల ట్రేలు పొయ్యిలో పెట్టనిచ్చేవాడు. వంతు చెప్పించుకోవడానికి వెళ్లాను. పండగ ముందు రోజు కావడంతో అక్కడే రెండు గంటలు పట్టింది.

తిరిగొచ్చేసరికి ఇంటినిండా నూనె వాసన. మా అత్తగారు పొయ్యి ముందు కూర్చుని ఉంది. పక్కన బేసిన్ నిండా నల్లటి గవ్వలు.

“అత్తా, ఏటి సేసినావు?”

“ఏటేటి? జంతికలకి నూనె కాగినాది. నీ పిండి అలాగే పడుంది, ఎండిపోద్దని గవ్వలు సుట్టినాను. ముందు ఇరిగిపోనాయే. గుప్పెడు వరిపిండి కలిపితే నిలబడినాయి. పాకం కూడా పట్టించినాను.”

“అవి బేకరీలో కాల్చాలి అత్తా.”

“నూని ఉండగా ఎవుడి పొయ్యికో ఎందుకే? ఎన్న అంతలా ఏస్తారేటి, బుర్ర లేదా నీకు?”

గుప్పెడు. ఎంత గుప్పెడు అని అడిగితే చెయ్యి చూపించింది. కోకో డబ్బా ఖాళీ. బేకరీలో నా వంతు ఇంకో అరగంటలో. పెట్టడానికి ట్రేలో ఏమీ లేదు. పళ్లెం కడిగి బల్ల మీద పెట్టి, ఈ ఏడు పంపేదే లేదని కూర్చున్నాను.

సాయంత్రం పళ్లెం కోసం ఆవిడే వచ్చింది. నేను సంజాయిషీ మొదలుపెట్టేలోపే మా అత్తగారు బేసిన్ ముందుకు తోసింది. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని, ఇంకొకటి తీసుకుంది.

“అరే, ఇది కుల్‌కుల్. మా మమ్మీ క్రిస్మస్‌కి వేయించేది. చాక్లెట్‌తో ఎప్పుడూ తినలేదు. ఎవరు చేశారు, అమ్మా?”

“నానే” అంది మా అత్తగారు. అది నిజమే.

పిలుపు వచ్చింది. మరుసటి డిసెంబరులో ఆవిడ వంటింట్లో పీట మా అత్తగారికి వేసింది. నన్ను తోడు రమ్మన్నారు. వాళ్లిద్దరూ పిండి కలుపుతూ, వేయిస్తూ కబుర్లు చెప్పుకుంటుంటే, దువ్వెన మీద గవ్వలు ఒత్తే పని నాకు పడింది. “సన్నంగా ఒత్తే, మొద్దుగా వొస్తున్నాయి” అని మా అత్తగారు రెండుసార్లు అంది కూడా.

కనీసం లెక్క అయినా రాసుకుందామని, ఎంత మైదాకు ఎంత కోకో వేశారని అడిగాను.

“అందాజ్‌గా” అంది ఆవిడ.

“సరిపడా” అంది మా అత్తగారు.