కొండప్ప మోకాలు పట్టిన బోరు పాయింటు

కళ్యాణదుర్గం చుట్టుపక్కల బోరు వేయాలంటే ముందు కొండప్ప రావాలి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చెప్పుల్లేకుండా చేనంతా నడుస్తాడు. టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్ళున్నట్టు. అయితే టెంకాయ కన్నా ముందు తన కుడి మోకాలే నీళ్ళను పసిగడుతుందని ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాడు. శింగనమల దగ్గర ఒకసారి నీళ్ళు లాగిన లాగుడుకు కాలు భూమిలో దిగబడితే, నలుగురు కలిసి పెరికారట. ఎన్నిసార్లు చెప్పాడో, తాను కల్పించిన ఆ నలుగురి పేర్లను ఇప్పుడు తానే నమ్ముతున్నాడు.

ఆ ఘనమైన మోకాలికి రెండేళ్ళుగా నొప్పి. పోయిన వారం ఫిజియోథెరపీ చేసే పద్మప్రియ ఆయన కళ్ళు మూయించి, కాలు కొంత వంచి, మళ్ళీ చాపి, "ఇప్పుడు నువ్వే అంత వంచు తాతా" అంది. వంచాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా మీసం తీయించుకుంటానన్నాడు. కళ్ళు తెరిస్తే జానెడు తేడా.

"నొప్పి ఉన్న మోకాలు తాను ఎంత వంగిందో మెదడుకు సరిగ్గా చెప్పదు తాతా. అందుకే తడబడతాండావు."

మీసం సంగతి ఆమె అడగలేదు, ఆయన గుర్తు చేయలేదు.

ఈరోజు నారాయణమ్మ చేను. మూడు బోర్లు ఎండిపోయాయి, ఇదే ఆఖరి ప్రయత్నం. బోరు లారీ వచ్చి నిలబడింది. చేను మధ్యలో కొండప్ప కాలు ఎత్తాననుకుని, ఎత్తకుండానే అడుగేసి, బోర్లా పడ్డాడు. టెంకాయ దొర్లిపోయింది.

"లాగింది! మోకాలు పట్టి లాగింది!" అని అరుస్తూ నారాయణమ్మ తమ్ముడు ఆంజి అక్కడే రాయి పాతాడు. ఆమె దానికి పసుపు పూసి మొక్కింది.

నోరు మూసుకుంటే కొండప్పకు పేరు మిగులుతుంది. నీళ్ళు పడకపోతే ఆమెకు చేనే మిగలదు.

"నీళ్ళు కాదమ్మా. నా మోకాలికే బుద్ధి లేదు."

"ఊరుకో మామా, నీ మోకాలి సంగతి మాకు తెలీదా!" అన్నాడు ఆంజి.

తన గొప్పలే తనకు అడ్డం తిరిగాయి. కొండప్ప గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకుని, పద్మప్రియ పరీక్షను ఆంజి చేత పెట్టించుకున్నాడు. ఈసారి జానెడున్నర.

నారాయణమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది. "నీ కాలు యాడుండాదో నీకే తెలీదు. భూమిలో నీళ్ళు యాడుండాయో ఎట్ల చెప్తావు మామా?"

"నాకూ అదే అనుమానమొచ్చింది. ముప్పై ఏళ్ళు లేటుగా."

ఆమె లారీని వెనక్కి పంపేసింది. మిషన్‌తో చూసేవాళ్ళను పిలిపిస్తానంది. తర్వాత దొర్లిన టెంకాయను తెచ్చి, పసుపు రాయికే కొట్టి, నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చింది.

"తాగు. ఈ పొద్దు నువ్వు చూపించిన నీళ్ళివే."

కొండప్ప తాగి మూతి తుడుచుకున్నాడు. "చూసినావా ఆంజీ, ఆ రాయి కాడ నీళ్ళు పడనే పడినాయి."