టేపు దానంతట అదే ఆగేదాకా

మా ఆడబిడ్డ పోయిందని మహబూబాబాద్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను జనగామలో మా ఇంటి వరండాలో కందిపప్పు చెరుగుతున్నాను. చేసింది ఆమె కూతురు. "అత్తమ్మా, అమ్మ లేదు. దవాఖాన కాడికి పోయేలోపలనే అయిపోయింది" అన్నది. కాసేపు ఏడ్చి, "అమ్మ పెట్టిన టేపు రికార్డింగు కంప్యూటర్ల ఇంకా నడుస్తనే ఉన్నది. ఆపాల్నా?" అని అడిగింది. "నేను వచ్చేదాకా ఉండనీ" అన్నాను.

ఆ టేపు సంగతి చెప్పకుండా ఆమె గురించి చెప్పలేను.

ఆమె నా భర్తకు చెల్లెలు. భార్యాభర్తలిద్దరూ మహబూబాబాద్‌లో వీడియో దుకాణం నడిపారు. ఆయన కెమెరా భుజాన వేసుకొని పెళ్లిళ్లకు తిరిగేవాడు. ఈమె వెనక గదిలో కూర్చొని మిక్సింగ్ చేసేది. మిక్సింగ్ అంటే మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది: పెళ్లిలోని మాటలన్నీ తీసేసి వాటి మీద సినిమా పాటలు వేయడం. తలంబ్రాలకు ఒక పాట, అప్పగింతలకు ఒక పాట. తల్లి ఏమని ఏడ్చిందో ఎవరికీ అక్కర్లేదు. పాట వేయకుండా ఇస్తే "గిదేంది, సప్పగున్నది" అని క్యాసెట్ తిప్పి పంపేవారు. కెమెరాతో తీసిన అసలు క్యాసెట్‌ను మాత్రం దాచేవారు కాదు. దాని మీదే ఇంకో పెళ్లి ఎక్కించేవారు. ఆ దుకాణాలన్నిటి పద్ధతీ అదే.

నా భర్త పదవీ విరమణ సభనూ అట్లాగే తీశారు, అట్లాగే పాట వేశారు. ఆయన బడిలో తెలుగు చెప్పేవారు. ఆయన మాట్లాడుతుంటే దారిన పోయేవాళ్లు కూడా కిటికీ దగ్గర ఆగేవారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేరు. మా ఇంట్లో ఉన్న క్యాసెట్‌లో ఆయన మైకు ముందు నిలబడి చాలాసేపు మాట్లాడతారు. వినిపించేది మాత్రం ఎవరో గాయకుడి గొంతు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

దుకాణం మూతపడింది. ఆమె భర్త పోయాడు. ఆమెకు కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. అప్పుడు పట్టుకుంది ఈ పని. పాత వీసీఆర్‌ను ఒక చిన్న పరికరం ద్వారా కంప్యూటర్‌కు తగిలించి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో క్యాసెట్లను ఫైళ్లుగా మార్చడం. కూతురు మొదట పెట్టి చూపించింది. మిగతాది ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇంటర్నెట్‌లో రాసుకునే ప్రశ్నలూ జవాబులూ చదివి తనే నేర్చుకుంది. ఇంగ్లీషు అడ్డం వస్తే నాకు ఫోన్ చేసేది.

"వదినా, డ్రాప్‌డ్ ఫ్రేమ్స్ అంటే ఏంది?"

"ఎక్కేటప్పుడు మధ్యలో జారిపోయిన బొమ్మలు."

"అందుకేనా, పెదవికి మాటకు పొత్తు కుదుర్తలేదు" అని ఫోన్ పెట్టేసేది. ధన్యవాదం చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

ఒకసారి ఎన్‌కోడింగ్ అంటే ఏమిటని నేనే అడిగాను. లెక్కల టీచర్నే అయినా నాకు పెద్ద ఫైలును చిన్న ఫైలుగా కుదించే ఆ సంగతి అర్థం కాలేదు. "మామిడి ఒరుగులు ఎట్లనో గట్ల" అన్నది. "ఎండబెడితె చిన్నగయితది, దాసుకునుడు అల్కగుంటది. మల్ల నీళ్లల్ల ఏసినా పచ్చికాయ మాత్రం కాదు. అందుకే ఎవ్వలిదైనా పెద్దది ఉంచుతా, ఫోన్ల చూసుకోనీకి చిన్నది ఇస్తా."

ఊళ్లోవాళ్ల క్యాసెట్లు మార్చిపెట్టేది గానీ, ఆమె అసలు ధ్యాస దుకాణం నుంచి తెచ్చిన ట్రంకు పెట్టె మీద ఉండేది. అందులో కెమెరా క్యాసెట్లున్నాయి. పైనున్న చీటీలు ఊడిపోయాయి.

"వాటి మీద వేరే పెళ్లిళ్లు ఎక్కి ఉంటాయి కదే" అన్నాను.

"ఎక్కనీ వదినా. పెండ్లి పొట్టిగుంటె టేపు ఆఖర్ల పాతదాని తోక మిగుల్తది. ఏ తోకల అన్న ఉన్నడో."

అందుకే ఆమెకు ఒకటే నియమం. పెళ్లి అయిపోయినా, తెర మీద ఏమీ లేకపోయినా, టేపు దానంతట అదే ఆగేదాకా రికార్డింగు ఆపకూడదు. క్యాసెట్ ఎంతసేపుంటే అంతసేపూ పడుతుంది. నాకు ఓపిక ఉండేది కాదు. "జర తొందరగ తిప్పరాదే" అంటే, "పంతులమ్మవు గదా, పిల్లగాడు లెక్క చేసేలోపే బెత్తం తీసేటిదానివి. టేపుకు బెత్తం పనిచెయ్యది" అనేది.

టేపును చదివే వీసీఆర్ హెడ్డు అరిగిపోతే ఇద్దరం భూపాలపల్లి పోయాం. గని కార్మికుల క్వార్టర్లలో ఒకావిడ దగ్గర పాతది ఉందని తెలిసింది. "ఊకెనే పట్కపో అక్కా, లోపల మా ఆయన సూసిన ఆఖరి క్యాసెట్ ఇరుక్కున్నది, గది మాత్రం నాకియ్యి" అన్నదామె. మా ఆడబిడ్డ అక్కడే నేల మీద కూర్చొని వీసీఆర్ విప్పి, టేపు తెగకుండా తీసి ఆమె చేతిలో పెట్టింది. బస్సులో వస్తూ వీసీఆర్‌ను ఒళ్లోనే పెట్టుకుంది, సీటు మీద పెట్టనివ్వలేదు.

ఆ వీసీఆర్‌తోనే దొరికింది. ఎవరిదో పెళ్లి, ఊరేగింపు, తర్వాత చుక్కల తెర. నేను లేవబోయాను. నా చీర కొంగు పట్టుకొని కూర్చోబెట్టింది. చుక్కల్లోంచి బడి హాలు వచ్చింది. దండలు, కుర్చీలు. ఆయన లేచారు, మైకు దగ్గరికి నడిచారు, గొంతు సవరించుకున్నారు. టేపు అయిపోయింది.

"అన్ననే" అన్నది. క్యాసెట్ బయటికి తీస్తూ, "సభను రెండు క్యాసెట్లల్ల తీసినం. రెండోది ఉండాలె" అన్నది.

ఆ రెండో క్యాసెట్ కోసం ఆమె, ఆమె కోసం జనగామ నుంచి వచ్చిపోతూ నేను. డయాలసిస్ అయి వచ్చిన రోజు తల ఎత్తలేకపోయేది. మర్నాడు మళ్లీ వీసీఆర్ ముందు ఉండేది. క్యాసెట్లకు బూజు పడుతోంది, ఆమె కాళ్లకు నీరు పడుతోంది. రెంటిలో ఏదీ నా చేతిలో లేదు. మెత్తటి గుడ్డతో బూజు తుడిచి ఇవ్వడం, ఆమె తాగే మంచినీళ్లు డాక్టరు చెప్పినట్టు కొలిచి పోయడం, అంతే నేను చేయగలిగింది. ఒకరోజు కోపం ఆపుకోలేక, "నీ పాణం కంటె టేపు ఎక్కువనా?" అన్నాను.

"నేను పోతె మీరు ఏడుస్తరు. గిది పోతె, పోయిందని గూడ ఎవ్వలికి ఎర్కుండది" అన్నది.

ఫోన్ వచ్చిన రోజు నేను చేరేసరికి కంప్యూటర్‌లో జాగా నిండిపోయి రికార్డింగు ఆగిపోయి ఉంది. దినాలు ముగిశాక మేనకోడలూ నేనూ కూర్చొని ఆ ఫైలు చూశాం. ఏదో తండాలో పెళ్లి. పాట వేయని టేపు కాబట్టి వాళ్ల భాషలో తల్లి ఏడుస్తున్న మాటలు అట్లాగే ఉన్నాయి. పెళ్లి అయిపోయింది. చుక్కలు వచ్చాయి. చుక్కల్లోంచి ఎవరూ రాలేదు. టేపు ఆగింది, వీసీఆర్ నీలం తెర వేసింది. టేపు ఆగిన చప్పుడుకు ఆమె లేచి రికార్డింగు ఆపాలి. ఆపలేదు.

"గప్పుడే నన్ను పిలిచింది. బిడ్డా, మంచినీళ్లు, అన్నది. నేను తెచ్చేసరికి ఒరిగిపోయింది" అన్నది మేనకోడలు.

నేను స్పీకరు శబ్దం పెంచమన్నాను. పెంచింది. ఏమీ లేదు. వీసీఆర్ నుంచి వచ్చే తీగలో టేపులోని శబ్దమే వస్తుంది గానీ గదిలో మనిషి పిలిచింది రాదు. ఆ పిల్ల మెల్లగా, "ఇగ నీలం తప్ప ఏం లేదు అత్తమ్మా. కోసెయ్యాల్నా? శాన జాగా తింటున్నది" అని అడిగింది. వద్దన్నాను.

తను వంటింట్లోకి వెళ్లింది. నేను ఆ ఫైలు ఆపలేదు. తలుపు దగ్గర ట్రంకు పెట్టెలో ఇంకా చూడని క్యాసెట్లు ఉన్నాయి. తెర మీది నీలం ఆమె కుర్చీ మీద, కుర్చీకి వేలాడుతున్న ఆమె తువ్వాలు మీద పడుతూనే ఉంది.