టైలరుగారి ‘సరే’

మా వీధి టైలరును భార్య వదిలేసి పోయిందని నాలుగిళ్ళలో చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. ఆవిడ వదిలి వచ్చింది పాత కుట్టుమిషన్లు అమ్మే కొట్టును. అదీ నాతో కలిసి, మలుపు దాకా.

టైలరు మిషను మూలపడింది. బడులు తెరిచే రోజు దగ్గరికొచ్చేసింది. సగం కుట్టిన యూనిఫారాలు మంచం మీద గుట్టగా ఉన్నాయి. వెంటనే ఇంకోటి కొనకపోతే ఆ గుడ్డలన్నీ వేరే టైలరు దగ్గరికి పోతాయి. కానీ పెరట్లో కుళాయి బాగుచేయించడానికి దాచుకున్న డబ్బు ముట్టకుండా కొనాలని ఆవిడ పట్టుదల. బేరానికి నన్ను తోడు రమ్మంది. పిలవకపోయినా వెళ్ళేదాన్నే అనుకోండి.

టైలరుకు ఒక అలవాటుంది. కథ వినేవాళ్ళు ఊఁ కొట్టినట్టు, ఎవరేం చెప్పినా ‘సరే’ అంటాడు.

ముగ్గురం కొట్టుకు వెళ్ళాం. కొట్టువాడు ఒక మిషను చూపించి ధర చెప్పాడు.

“రంగేసి దీని ముసలితనం దాచావు నాయనా. సగానికివ్వు,” అన్నాను.

“సగానికి దీని కాళ్ళొస్తాయమ్మా. లోపలంతా కొత్తగా వేయించాను.”

“సరే,” అన్నాడు టైలరు.

“చూశారా, సారు ఒప్పుకున్నారు.”

“ఆయన సరేకి అర్థం లేదులే,” అంది భార్య పళ్ళు కొరుకుతూ. “కుళాయి సంగతి చూడమన్నప్పుడల్లా సరే అంటారు. అది ఇంకా కారుతూనే ఉంది.”

నోరు నొప్పి పుట్టేలా వాదించి కొంత దించాం.

“ఇంకా తగ్గిస్తే నేను మునిగిపోతానమ్మా,” అన్నాడు కొట్టువాడు.

“సరే,” అన్నాడు టైలరు జాలిగా.

నాకు ఒళ్ళు మండింది. ఇక ఒక్కటే ఉపాయం. “పదండి, ఇంకో కొట్టు చూద్దాం,” అన్నాను.

“సరే,” అన్నాడు టైలరు.

మేమిద్దరం వెనక్కి చూడకుండా మెల్లగా నడిచాం, వాడు పిలుస్తాడని. మలుపు దాకా వచ్చినా పిలుపు లేదు. తిరిగి చూస్తే మా వెనక టైలరు లేడు. కొట్లోనే స్టూలు మీద కూర్చుని మిషను తొక్కుతున్నాడు. కొనే మనిషి లోపలుంటే కొట్టువాడు మమ్మల్నెందుకు పిలుస్తాడు?

“అయితే దాంతోనే కాపురం చేసుకోండి, నేను పోతున్నా,” అని వీధంతా వినపడేలా కేకేసింది భార్య. పుకారు పుట్టింది అక్కడే.

చివరికి మేమే తిరిగి వెళ్ళాం. కొట్టువాడు ఇక పైసా తగ్గలేదు. నవ్వుతూ ఒక నూనె సీసా ఊరికే ఇచ్చాడు. కుళాయి డబ్బు కూడా అందులోకే పోయింది.

యూనిఫారాలన్నీ ఇచ్చేశాక ఆగలేక అడిగేశాను. “పదండి అంటే సరే అన్నావు. మరి లేవలేదేం బాబూ?”

అతను మిషను ఆపనైనా ఆపలేదు. “విన్నానని చెప్పాను పిన్నిగారూ. వస్తానన్నానా?”