సారు తుడిచిన మంచు

మా సైన్సు సారు పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. ఏడుద్దామని కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఆయన్ని తలుచుకుంటే నవ్వే ముందొచ్చింది.

మాది బొగ్గు గనుల కాలనీ. తొమ్మిదో తరగతిలో ఒకరోజు ఆయన మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు ఐసుగడ్డలు పెట్టించి, "ఒకటి ముట్టొద్దు. రెండోదాన్ని మీ తెలివితోని కాపాడుండ్రి" అన్నారు. ఐసు అమ్మేవాళ్లు గడ్డ కరగకుండా ఊక కప్పుతారు కదా! మాకు ఊక దొరకలేదు. మా దగ్గర కావలసినంత ఉన్నది బొగ్గు పొడి. అదే పలచగా చల్లి, గెలిచేశామనుకున్నాం. మా గడ్డే ముందు నీళ్లయింది.

సారు గంతేశారు. "ఓడిపోయిండ్రా? శాబాష్! గిప్పుడు వినుండ్రి. తెల్లది ఎండను ఎనక్కి కొడ్తది, నల్లది మింగుతది. ధ్రువాల కాడ, మంచుకొండల మీద మంచు కరిగితే కింది నల్ల నేల, నల్ల నీళ్లు బయటపడ్తయి. అవి ఇంకింత ఎండ మింగుతయి, ఇంకింత మంచు కరుగుతది. అందుకే అక్కడ జల్దీ వేడెక్కుతది!"

"మన భద్రాచలం ఎండల కన్నానా సార్?" అన్నాను.

"మనం ఎప్పటిసందో పొయ్యి మీదున్నోళ్లమే. వేడి పెరిగే ఉరుకుడు ఆడ ఎక్కువరా!"

ఆ మంచును చేత్తో ముట్టాలని ఆయన కోరిక. ఏటా "వచ్చే ఏడు పోదాం" అనేవారు. రిటైరయ్యాక మోకాళ్లు మొరాయించాయి. ఈ ఎండాకాలం మాత్రం పట్టుబట్టారు.

"నేను ముందు పోతనో, అది ముందు పోతదో. తీస్కపోరా."

తీసుకెళ్లాను.

హిమాలయాల్లో గుర్రం దిగి, నా భుజం పట్టుకుని నడిచారు. తీరా చూస్తే మంచంతా దుమ్ము పట్టి బూడిద రంగులో ఉంది. ఉసూరుమనిపించింది. ఇంత దూరం ఈయన్ని ఇది చూపించడానికా తెచ్చాను?

సారు కళ్లు మెరిశాయి. "చూసినవా! పాఠం మొత్తం ఈడనే ఉంది!" అని అరిచి, నేను పట్టుకునేలోపే ఆ మోకాళ్ల మీదే కూలబడ్డారు. రెండు అరచేతులూ మంచుకు ఆనించి, చాలాసేపు తీయలేదు. తర్వాత భుజం మీది తువ్వాలు లాగి దుమ్ము తుడవడం మొదలుపెట్టారు. కింద తెల్లగా తళుక్కుమంది.

"ఎంతని తుడుస్తరు సార్?"

"చెయ్యి అందినంత" అని ఇంకాస్త ముందుకు వంగారు.